స్టెరాయిడ్ ట్యూబు మీద మూడు మాటలు తెలుగులో రాయించండి

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట ఆదివారం మీ ఆరోగ్య పేజీలో స్టెరాయిడ్ పూతమందుల గురించి వ్యాసం వచ్చింది. చర్మం పలచబడుతుంది, సన్న నరాలు పైకి తేలతాయి, ముఖం మండుతుంది, కాబట్టి స్టెరాయిడ్ అన్న మాట వింటే ఆ ట్యూబు ముట్టుకోకండి అని రాశారు. ముందు చెప్పినవన్నీ నిజాలే. చివరి సలహాతోనే నాకు పేచీ. నేను ప్రకాశం జిల్లా పీహెచ్‌సీల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైన మనిషిని. ఇప్పుడు సింగరాయకొండలో మా మేనల్లుడి మందుల షాపులో సాయంత్రం పూట కూర్చుంటున్నాను. మీ హెచ్చరిక భయపడాల్సిన వాళ్ళ దాకా పోలేదు. భయపడక్కర్లేని వాళ్ళు మాత్రం హడలిపోయారు. ట్యూబు మీద ఎక్కడ, ఎంత, ఎన్నాళ్ళు అన్న మూడు మాటలు తెలుగులో ఉంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుందని చెప్పడానికే ఈ ఉత్తరం.

మా వీధిలో ఒక చంటిబిడ్డ తల్లి ఉంది. బిడ్డకు ఎనిమిదో నెల. చెంపలు రెండూ కమిలి, రసి కారుతూ, రాత్రంతా దుప్పటికి మొహం రుద్దుకుంటూ ఏడ్చేవాడు. ఒంగోలులో పిల్లల డాక్టరు చూసి ఎగ్జిమా అని చెప్పి, చెంపలకు 1 శాతం హైడ్రోకార్టిజోన్ రోజుకు ఒకసారి అయిదు రోజులు, ఒళ్ళంతా పూయడానికి పారఫిన్ కలిసిన మాయిశ్చరైజర్ రాశారు. రెండు రోజులు పూసేసరికి ఎరుపు సగం దిగింది. అప్పుడు మీ పేపరు చూసి ట్యూబు తీసుకెళ్ళి చెత్తలో పడేసింది. "స్టెరాయిడంట పెద్దమ్మా! చంటోడికి ఎట్టా పూసేది? మా అత్త వేపాకు నూరి పట్టేసింది" అంది. అత్తగారిని తప్పుపట్టను, ఆమె చేతిలో ఉన్నది ఆమె చేసింది. కానీ పచ్చి చర్మం మీద వేపాకు ముద్ద మండుతుంది, బిడ్డ ఇంకా గోకుతాడు. వారం తిరక్కుండానే చెంపల మీద పసుప్పచ్చ పెచ్చులు కట్టాయి. గోకిన చోట చీము పుట్టించే బాక్టీరియా చేరిందన్నమాట. మళ్ళీ ఒంగోలు పరుగు, ఈసారి యాంటీబయాటిక్ సిరప్ కూడా. ఆమె పారేసిన ట్యూబు స్టెరాయిడ్లలోకెల్లా మెత్తనిది, అంటే బలం బాగా తక్కువది. చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు పలచగా రాస్తే ఆ బిడ్డకు దానితో వచ్చే ముప్పు లేదనే చెప్పొచ్చు.

ఇంచుమించు ఆ రోజుల్లోనే షాపుకు ఇంకో అమ్మాయి వచ్చింది. రొయ్యల ప్లాంటులో పని. చేతిలో ఖాళీ ట్యూబు. కింది నుంచి గట్టిగా చుట్టి, ఇక రాకపోయేసరికి బ్లేడుతో పొట్ట చీల్చి, రేకుకు అంటుకున్నది కూడా వేలితో గీకేసింది. "ఇదే ఇంకోటి ఇవ్వండక్కా" అని కౌంటరు మీద పెట్టింది. మాస్కు కిందికి లాగమన్నాను. చెంపలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి, ముక్కు పక్కన నరాలు పాకి ఉన్నాయి, గడ్డం మీద నూగు వెంట్రుకలు, నుదుటి నిండా సన్న మొటిమలు. పెళ్ళి చూపులకు తెల్లబడతావని ఎవరో ఇచ్చారట. మానేసి చూడలేదా అంటే, "మానితే మూడోనాటికల్లా మొహం ఉడికిపోయినట్టు అవుతందక్కా. మళ్ళీ పూస్తేనే చల్లబడతంది" అంది.

ఆ ట్యూబు మంగుమచ్చలకు చర్మ డాక్టర్లు కొద్ది వారాల పాటు రాసే మిశ్రమం. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటితో పాటు మొమెటాసోన్ అనే స్టెరాయిడ్. ఆ అమ్మాయి మీ వ్యాసం చదివినా తన గురించి అనుకోదు. ఆమె లెక్కలో అది ఫేస్ క్రీము. ట్యూబు మీద స్టెరాయిడ్ అన్న మాట ఆమెకు కనిపించదు, మొమెటాసోన్ అని చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఇది మా ఊళ్ళో ఒక్క పిల్ల గోల కాదు. 2011లో మన దేశంలోని చర్మవైద్యులు ఒక పరిశీలన ప్రచురించారు. ముఖం మీద సమస్యతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూసుకుంటున్నవాళ్ళే. ఆ అమ్మాయికి నేను ట్యూబు ఇవ్వలేదు. మానిన కొత్తలో మంట పెరుగుతుందని, ఆ భయంతో మళ్ళీ మొదలుపెట్టవద్దని, చర్మ డాక్టరు చూస్తుండగానే మందును కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలని చెప్పి ఒంగోలు పంపాను. వెళ్ళిందో, ఇంకో షాపుకు పోయిందో!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక తల్లి పారేసినదీ స్టెరాయిడే, ఒక పిల్ల బ్లేడుతో గీకినదీ స్టెరాయిడే. రెంటినీ ఒకే మాటతో తిడితే చదివేవాళ్ళకు ఏం తెలుస్తుంది?

మేం ఫార్మసీ చదివే రోజుల్లో పలక మీద వేజలిన్ వేసి, స్పాచులాతో మందుపొడి కలిపి ఆయింట్‌మెంట్ నూరడం నేర్పేవాళ్ళు. తామరకు విట్‌ఫీల్డ్, గజ్జికి బెంజైల్ బెంజోయేట్, రసి కారే పుండ్లకు జీవీ పెయింట్, అంటే జెన్షియన్ వయొలెట్. జీవీ పెయింట్ పూసిన పిల్లలు ఊదారంగు మొహాలతో ఆసుపత్రి వరండాలో తిరిగేవాళ్ళు. ఎగ్జిమాకు తారు కలిసిన ఆయింట్‌మెంటు ఉండేది. కంపు, బట్టల నిండా మరకలు, ఫలితం చూస్తే అంతంతమాత్రం. 1952లో అమెరికాలో సల్జ్‌బర్గర్, విట్టెన్ అనే ఇద్దరు చర్మవైద్యులు హైడ్రోకార్టిజోన్‌ను చర్మం మీద పూతగా వాడి ఎగ్జిమా తగ్గుతుందని చూపించాక కథ మారింది. ఎగ్జిమా అంటే చర్మం పైపొర తేమను పట్టి ఉంచలేకపోవడం, ఆ బీటల్లోంచి సబ్బూ దుమ్మూ లోపలికి పోవడం, వాటి మీద ఒళ్ళు అవసరానికి మించి తిరగబడటం. ఆ తిరగబాటును స్టెరాయిడ్ అణచిపెడుతుంది. దురద తగ్గితే గోకడం తగ్గుతుంది, గోకడం తగ్గితే చర్మం మానుతుంది, నిద్ర పడుతుంది. దురదతో నిద్రలేని పిల్లవాడి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదని ఆ తల్లులను అడిగితే చెబుతారు. ఇంత త్వరగా, ఇంత చవగ్గా ఆ పని చేసే పూత ఇంకొకటి నాకు తెలియదు.

అయితే బలంలో తేడాలు ఉన్నాయి, అక్కడే జనం బోల్తా పడుతున్నారు. షాపుకు వచ్చేవాళ్ళు ట్యూబు మీద శాతం చూసి బేరీజు వేస్తారు. హైడ్రోకార్టిజోన్ 1 శాతం అని ఉంటుంది, క్లోబెటసాల్ 0.05 శాతం అని ఉంటుంది. "ఈ తక్కువదే ఇవ్వండి, పాపకు" అని క్లోబెటసాల్ వైపు వేలు చూపిస్తారు. ఆ 0.05 శాతం క్లోబెటసాల్ ఈ 1 శాతం హైడ్రోకార్టిజోన్ కన్నా వందల రెట్లు బలమైనది. అన్నిటికన్నా బలమైన తరగతిలో ఉంటుంది, పక్కన హాలోబెటసాల్. వాటి కింద బీటామెథాసోన్ వాలరేట్, మొమెటాసోన్. అన్నిటికీ అడుగున డెసొనైడ్, హైడ్రోకార్టిజోన్. పూతమందు పేరు చివర సోన్ అనో, సాల్ అనో, నైడ్ అనో ఉంటే స్టెరాయిడ్ కావచ్చునని ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది. మైకోనజోల్, కీటోకోనజోల్ లాంటివి వేరు, అవి ఫంగస్ మందులు.

ఏ చోట పూస్తున్నామన్నది ఇంకా ముఖ్యం. చర్మం ఒంటి మీద అన్ని చోట్లా ఒక మందాన ఉండదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు కొలిచి చెప్పిన లెక్క ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. హైడ్రోకార్టిజోన్ ముంజేతి మీద ఎంత ఇంకుతుందో, నుదుటి మీద దానికి 6 రెట్లు, దవడ మూల దగ్గర 13 రెట్లు, మగవాళ్ళ వృషణాల సంచి మీద 42 రెట్లు ఇంకుతుంది. అరచేతిలో, అరికాలిలో ముంజేతి కన్నా కూడా తక్కువ. అందుకే పొలం పనిచేసే రైతు అరికాలు పగుళ్ళు బారిన ఎగ్జిమాకు డాక్టరు క్లోబెటసాల్ రాస్తే అది తప్పు కాదు. అదే ట్యూబును ఆయన కొడుకు గజ్జల్లో దురదకు, కోడలు ముఖానికి వాడితే కొంప మునుగుతుంది. మన ఇళ్ళలో ట్యూబు అంటే అందరిదీ కదా, టీవీ పక్కన డబ్బాలో ఉంటుంది, ఎవరికి దురద పుడితే వాళ్ళు తీసుకుంటారు. గజ్జల్లో, చంకల్లో చర్మం సాగి చారలు పడితే ఆ చారలు ఇక పోవు. కంటి రెప్పల మీద నెలల తరబడి పూస్తే కంట్లో ఒత్తిడి పెరగొచ్చు, శుక్లాలు రావొచ్చు. చంటిపిల్లలకు బలమైనది ఒళ్ళంతా పూసి, పైన డైపర్ బిగిస్తే మందు మరింత ఇంకి రక్తంలోకి పోతుంది. అలా చాలాకాలం సాగితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోతుంది, ఎదుగుదల దెబ్బతింటుంది. మీ వ్యాసంలో ఈ ప్రమాదాలు రాశారు గానీ, ఏ మందుతో, ఎక్కడ పూస్తే, ఎన్నాళ్ళకు అన్నది రాయలేదు.

ఎంత పూయాలన్నది ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. దీనికి 1991 నుంచీ ఒక తేలికైన కొలత ఉంది. పెద్దవాళ్ళ చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ళ రెండు అరచేతులంత మేరకు, వేళ్ళతో సహా, సరిపోతుంది. ఒక చేయి మణికట్టు దాకా, అటూ ఇటూ పూయడానికి ఒక వేలి కొలత చాలు. రొయ్యలు వలిచే ఆడవాళ్ళకు చేతుల నిండా ఎగ్జిమా ఉంటుంది, ఐసు నీళ్ళు, క్లోరిన్ నీళ్ళు, చేతి తొడుగుల లోపల చెమట. రెండు చేతులకూ కలిపి రోజుకు ఒకసారి అంటే 1 గ్రాము. 15 గ్రాముల ట్యూబు 15 రోజులు రావాలి. నా దగ్గరకు ఖాళీ ట్యూబు పట్టుకొచ్చే మనిషిని నేను ముందు అడిగేది ఇది ఎప్పుడు కొన్నావని. నాలుగు రోజుల్లో అయిపోయిందంటే చేతులకే కాదు, ఇంకెక్కడో కూడా పూస్తోంది. మూడు నెలలుగా అదే ట్యూబు నడుస్తోందంటే భయపడి బొట్టంత బొట్టంత అద్దుతోంది, అందుకే తగ్గడం లేదు. రెండో రకం వాళ్ళే ఎక్కువమంది, ఆశ్చర్యపోకండి. అద్దుడు మందు పని చేయదు, పని చేయలేదని ఆర్‌ఎంపీ దగ్గరకు పోతే ఇంకా బలమైన ట్యూబు చేతికొస్తుంది.

ఇంకో చిక్కు తామరతో. ఎగ్జిమా, ఫంగస్ వల్ల వచ్చే తామర, గజ్జి, మూడూ దురదే కాబట్టి మూడింటికీ జనం ఒకటే మందు అడుగుతారు. తామర మీద స్టెరాయిడ్ పూస్తే రెండు రోజులు దురద పోతుంది, ఎరుపు పోతుంది, ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. అంచు గుండ్రంగా ఉండాల్సిన తామర ఏ ఆకారమూ లేకుండా నడుము చుట్టూ, తొడల నిండా పరుచుకున్నాక డాక్టర్లే ఒక పట్టాన పోల్చుకోలేరు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపి ఒకే ట్యూబులో పోసి అమ్మే మిశ్రమాలు దీనికి పెద్ద కారణం. 2018లో కేంద్రం నిషేధించిన 328 మిశ్రమాల జాబితాలో ఇలాంటి చర్మం మందులు కూడా ఉన్నాయి. అదే ఏడాది మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు. అట్టపెట్టె మీద ఎర్ర గీతతో ఆ మాట ఉంటుంది కూడా. మా వాళ్ళలో ఎంతమంది ఆ ఎర్ర గీతను చూసి చీటీ అడుగుతున్నారో నేను చెప్పనక్కర్లేదు. మా మేనల్లుడి షాపులో చీటీ అడిగితే, "ఎదురుగా షాపులో ఇస్తారులే" అని మొహం మీదే చెప్పి పోతారు, బేరం పోతుంది. నా మీద వాడికి అదొక గుర్రు.

మన వైపు సంగతి ఒకటి కూడా రాయాలి. స్టెరాయిడ్ ఎంత మంచిదైనా, కారణం అక్కడే ఉంటే ఎగ్జిమా మళ్ళీ వస్తుంది. కందుకూరు రోడ్డుకు అటూ ఇటూ బీడుల్లో వయ్యారిభామ మొక్క విరగబూసి ఉంటుంది. దాని పుప్పొడి, ఎండిన పొడి గాలికి లేచి కొందరు రైతులకు ముఖం మీద, మెడ మీద, మోచేతుల మడతల్లో దట్టమైన ఎగ్జిమా తెస్తుంది. చొక్కా కప్పిన చోట ఉండదు, బయట ఉన్న చోటే ఉంటుంది, అదే గుర్తు. తాపీమేస్త్రీల చేతులకు సిమెంటులోని క్రోమియం పడదు. వాళ్ళకు ట్యూబు మీద ట్యూబు రాస్తూ పోతే జీవితాంతం పూస్తూనే ఉంటారు. నిండు చేతుల చొక్కా, తల గుడ్డ, లోపల నూలు తొడుగు మీద రబ్బరు తొడుగు, ఇవీ మందులో భాగమే. పిల్లలకు నలుగుపిండితో గట్టిగా రుద్ది, కాగే నీళ్ళు పోయడం ఆపితే సగం పని అయిపోతుంది. గోరువెచ్చని నీళ్ళు పోసి, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరి నూనో, తెల్ల వేజలినో, మాయిశ్చరైజరో పట్టించాలి. స్టెరాయిడ్ మానినా ఇది మానకూడదు.

ఎగ్జిమా మాటిమాటికీ తిరగబెట్టే వాళ్ళకు, తగ్గాక కూడా వారంలో రెండు రోజులు పాత చోట స్టెరాయిడ్ పూయమని చర్మ డాక్టర్లు చెప్పడం ఉంది. ముఖానికీ, మడతలకూ టాక్రోలిమస్ అనే స్టెరాయిడ్ కాని పూత రాస్తారు. చర్మాన్ని పలచబరచదు, కాకపోతే మొదటి రోజుల్లో చుర్రుమంటుంది, ఖరీదూ ఎక్కువే. ఆ మంటకు బెదిరి మానేసేవాళ్ళు చాలామంది. ముందే చెప్పి ఇస్తే మానరు, నేను చూశాను.

నా ఫిర్యాదు చివరికి మందుల చీటీల మీదే. చర్మ డాక్టర్లు కొందరు శుభ్రంగా రాస్తారు, దణ్ణం పెట్టాలి. మా కౌంటరుకు వచ్చే మిగతా చీటీల్లో చాలావాటి మీద ట్యూబు పేరు, దాని పక్కన ఎల్.ఎ. అన్న రెండు అక్షరాలు, అంతే. పైపూతకు అని దానర్థం. ఒంట్లో ఏ పైన? ఎన్నాళ్ళు? జ్వరం మాత్రకు రోజుకు మూడుసార్లు, అయిదు రోజులు అని రాసే చెయ్యి, చర్మాన్ని పలచన చేయగల మందుకు ఎందుకు రాయదు? మాత్రలు పొరపాటున మింగేస్తారని భయం, పూత పైపైనే కదా అని ధీమా. చంటిబిడ్డ తల్లికి ఆ ఒంగోలు డాక్టరు ఎక్కడ, ఎంత, ఎన్నాళ్ళు అన్నీ నోటితో చెప్పే ఉంటారు. ట్యూబు మీద "చెంపలకు, పలచగా, 5 రోజులు" అని తెలుగులో రాసి ఉంటే, పేపరు చదివాక కూడా ఆమె ఒకసారి దాన్ని తిప్పి చూసుకునేది.

నేను అడిగేది పెద్దదేం కాదు. స్టెరాయిడ్ ట్యూబు రాసిన ప్రతి డాక్టరూ చీటీ మీద చోటు, కొలత, రోజులు రాయాలి. అమ్మే మేము అదే మాట తెలుగులో ట్యూబు మీదికి ఎక్కించాలి. అట్టపెట్టె మీద రాస్తే లాభం లేదు, దాన్ని ఇంటికెళ్ళగానే పారేస్తారు. బాల్‌పెన్ను ఆ రేకు మీద పడదు, మార్కరు కావాలి. లేదంటే తెల్ల కాగితం మీద రాసి టేపు చుట్టాలి. మా షాపులో ఈ మధ్య అలాగే ఇస్తున్నాం, మనిషికి ఒక నిమిషం కూడా పట్టడం లేదు. జిల్లాలో ఔషధ తనిఖీ అధికారులు షాపులకు వచ్చినప్పుడు లైసెన్సు, బిల్లుల పుస్తకాలతో పాటు ఈ సంగతీ అడిగితే బాగుంటుంది. మందుల షాపుల సంఘం వాళ్ళు పూనుకుంటే ఇంకా సులువు.

మీ నుంచి నాకు కావలసింది ఒకటుంది. వచ్చే ఆదివారం ఆరోగ్య పేజీలో చూపుడు వేలి మొదటి గీత దాకా మందు పిండిన బొమ్మ ఒకటి, అందరికీ కనిపించేంత పెద్దది వేయండి. కింద మెత్తనివి, మధ్యరకం, బలమైనవి అని మందుల పేర్లు తెలుగు అక్షరాల్లో ఇవ్వండి, ముఖానికి ఏవి వాడకూడదో లావు అక్షరాల్లో. ఒక చర్మ డాక్టరుతో సరిచూపించి మరీ వేయండి, నా మాట మీద వద్దు. ఆ ముక్క కత్తిరించి మా కౌంటరు అద్దం కింద పెట్టుకుంటాను. మా మేనల్లుడు గుర్రుగా చూసినా సరే.

ఇట్లు,
రిటైర్డ్ ఫార్మసిస్టు,
సింగరాయకొండ, ప్రకాశం జిల్లా.